కడుపులో మంట: అమ్లపిత్తంలో పథ్యమే సగం వైద్యం

ఉదయం లేవగానే నోట్లో పుల్లని నీళ్ళు ఊరడం, పులిత్రేన్పులు, రొమ్ము మధ్య మంట, తిన్నది అరగనట్లు కడుపు బరువెక్కడం, ఒక్కొక్కసారి తలనొప్పితో ఆరంభమై పసరు వాంతి అయితే గాని శాంతించని బాధ. ఈ లక్షణాలన్నింటినీ నేడు మన ఇళ్ళలో "గ్యాస్" అన్న ఒక్క మాటతో తేల్చివేస్తున్నారు. ఆయుర్వేదంలో దీనికి అమ్లపిత్తమని పేరు. చరక, సుశ్రుత సంహితలలో దీనికి ప్రత్యేకాధ్యాయం లేదు. కాశ్యప సంహితలోనూ, మాధవ నిదానంలోనూ దీనిని స్వతంత్ర వ్యాధిగా వర్ణించారు. త్రేన్పులు, వాంతుల రూపంలో పైకి ఎగదన్నేది ఊర్ధ్వగం. విరేచనాలుగా క్రిందికి పోయేది అధోగం.

పిత్తం సహజంగా కటురసం కలది. అది విదగ్ధమైనప్పుడు, అంటే సగం పక్వమై చెడినప్పుడు, పులుపుగా మారుతుంది. పెరుగు కుండను కడగకుండా అందులో పాలు పోస్తే ఏమవుతుందో ఇల్లాండ్రకు చెప్పనవసరం లేదు. జఠరంలో ఆ పులుపు నిలిచి ఉండగా ఎంతటి సాత్త్వికాహారం తిన్నా అదీ పులుస్తుంది. కనుకనే ఈ వ్యాధిలో ముందు కుండ కడగాలి, ఆ తరువాతనే పాలు పోయాలి.

ఆధునిక వైద్యులు జీర్ణాశయపు లోపలి పొర వాపును గ్యాస్ట్రైటిస్ అంటారు. దీనికి ముఖ్యమైన కారణాలలో హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మక్రిమి ఒకటి. దీనిని 1982లో ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ కనుగొన్నారు. 2005లో వారికి నోబెల్ బహుమతి లభించింది. శ్వాస పరీక్ష ద్వారా గాని, మల పరీక్ష ద్వారా గాని ఈ క్రిమి ఉనికిని తెలుసుకోవచ్చు. ఉన్నట్లు తేలితే, సాధారణంగా 14 రోజుల పాటు యాంటీబయాటిక్ మందులు వాడవలసి ఉంటుంది. పథ్యం మంటను తగ్గిస్తుంది, పొరను కోలుకోనిస్తుంది గాని ఆ క్రిమిని నిర్మూలించదు. గురుకులంలో చదివినవాడనైనా ఈ సంగతి దాచడం వైద్యధర్మం కాదని నా అభిప్రాయం.

రెండవ కారణం నొప్పి మాత్రలు. మోకాళ్ళ నొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి జీర్ణాశయపు రక్షణ పొరను హరిస్తాయి. నాట్లు వేసి, కలుపు తీసి వచ్చిన శ్రమజీవులు ఈ మాత్రలను ఖాళీ కడుపున మింగడం నేను నిత్యం చూస్తున్నాను. వారికి ఎన్ని చూర్ణాలిచ్చినా మాత్ర మానకపోతే ఫలితం శూన్యం. అయితే గుండెజబ్బుకు వైద్యులు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం ఎవరికి వారు మానరాదు. మంటగా ఉంటే ఆ వైద్యునికే చెప్పాలి.

ఇక మన వంటింటి కారణాలు. పరగడుపున టీ, కాఫీలు, పచ్చిమిరప, చింతపండు, బజ్జీలు, మద్యం, పొగాకు సరే. వీటిని గురించి అందరూ చెబుతారు. ఎవరూ చెప్పని కారణం ఒకటుంది. ఇంటిల్లిపాదికీ వడ్డించి, అంట్లు సర్ది, మధ్యాహ్నం మూడు గంటలకు తినే ఇల్లాలి కడుపు. అప్పటికి ఆమె రెండు మూడు సార్లు కాఫీ త్రాగి ఉంటుంది. పూజ పూర్తయ్యే వరకు అన్నం ముట్టదు. వారంలో రెండు ఉపవాసాలు. ఇటువంటి వారికి నేను మొదట వ్రాసే ఔషధం, ఉదయం ఎనిమిది గంటలకే ఏదో ఒకటి తినమని. భర్తలు ఎదురుగా కూర్చున్నప్పుడే ఆ మాట చెబుతాను.

కార్తీక నక్తాల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఆశ్వయుజ కార్తీకాలు శరదృతువు. పిత్తం సహజంగానే ప్రకోపించే కాలం. అమ్లపిత్త రోగి ఆ నెలలో నక్షత్ర దర్శనం దాకా కడుపు మాడ్చుకొని, రాత్రి ఒక్కసారిగా గారెలు, పులిహోర ఆరగిస్తే వ్యాధి తిరగబెట్టడంలో ఆశ్చర్యమేముంది? వ్యాధిగ్రస్తులు పాలు, పండ్లు తీసుకుంటూ నక్తం ఉండడానికి పెద్దలెవరూ అభ్యంతరం చెప్పరు.

పథ్యంలో పాత బియ్యపు అన్నం, పేలాల జావ, బార్లీ జావ, పెసరకట్టు శ్రేష్ఠం. ఒక గుప్పెడు పెసరపప్పును దోరగా వేయించి, పదునాలుగు రెట్లు నీటిలో మెత్తగా ఉడికించి, పైకట్టు వంచి, కొద్దిగా సైంధవ లవణం, జీలకర్ర పొడి, అర చెంచా ఆవునెయ్యి కలిపితే పెసరకట్టు. మంట తీవ్రంగా ఉన్న మొదటి రెండు మూడు రోజులు దీనితోనే అన్నం తినాలి. కూరలలో సొర, బీర, పొట్ల, బూడిదగుమ్మడి మేలు. కాకర చేదు కనుక పిత్తహరమే. పులుసు పోయకుండా వండాలి. పండ్లలో దానిమ్మ, ఎండు ద్రాక్ష.

ఆవకాయ మానమంటే మనవారు ఆవకాయకు బదులు వైద్యుణ్ణి మానేస్తారు! నేను నెల రోజులు మాత్రమే మానమంటాను. ఆ తరువాత పప్పన్నంలో, నేతితో, మధ్యాహ్నం పూట, కొద్దిగా. రాత్రి మాత్రం వద్దు. ఉలవచారు, గోంగూర, బాగా పులిసిన దోసెపిండి కూడా అంతే.

చల్లని పాలు గుక్కెడు త్రాగితే మంట వెంటనే ఆరుతుంది. కాని కొంతసేపటికి జీర్ణాశయం మరింత ఆమ్లాన్ని స్రవిస్తుంది. మంట పుట్టినప్పుడల్లా పాలు త్రాగడం సరైన చికిత్స కాదు. వంటసోడా కలిపిన నీళ్ళు అంతకన్నా చెడ్డవి. అందులోని సోడియం రక్తపోటు రోగులకు హాని చేస్తుంది.

ఔషధాలలో సులభమైనది ధనియాల హిమం. ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, ఆరు రెట్లు నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం వడగట్టి, కొద్దిగా పటికబెల్లం చేర్చి త్రాగాలి. మధుమేహులు పటికబెల్లం మానాలి. ఉసిరిక పుల్లనిది కదా అని చాలామంది సందేహిస్తారు. దాని రుచి పులుపే గాని వీర్యం శీతం, విపాకం మధురం. కనుక పిత్తాన్ని శమింపజేస్తుంది. ఎండు ఉసిరిక చూర్ణం 3 గ్రాములు నేతితో రెండు పూటలా తీసుకోవచ్చు. ఉసిరిక ఊరగాయకు మాత్రం ఈ గుణం అంటగట్టకండి.

అతిమధురం చూర్ణం మంటకు మంచిదే. రోజుకు 2 గ్రాములు, నాలుగు వారాలకు మించకుండా. రక్తపోటు, కాళ్ళవాపు ఉన్నవారు, గర్భవతులు దీనిని వాడరాదు. ఎక్కువకాలం వాడితే రక్తపోటు పెరిగి, పొటాషియం తగ్గుతుంది. మలబద్ధం ఉన్నవారికి అవిపత్తికర చూర్ణం ఇస్తాము. కుండ కడగడమంటే ఇదే. అందులో తెగడ ఉన్నందున విరేచనం అవుతుంది. పంచదార కూడా ఎక్కువే. కనుక వైద్యుని సలహాపైనే వాడాలి.

కొన్ని లక్షణాల విషయంలో ఇంటివైద్యం అపాయకరం. రొమ్ములో బరువు, ఎడమ చేతికో దవడకో ప్రాకే నొప్పి, చెమటలు, ఆయాసం కనిపిస్తే అది గ్యాస్ కాదు, గుండెపోటు కావచ్చు. జీలకర్ర నమిలిస్తూ, సోడా పట్టిస్తూ గంటలు పోగొట్టుకున్న కుటుంబాలను ఎరుగుదును. తక్షణం 108కు ఫోన్ చేయాలి. మలం తారులా నల్లగా జిగటగా ఉన్నా, కాఫీ మడ్డి వంటి వాంతి అయినా లోపల రక్తస్రావం జరుగుతున్నట్లు భావించి ఆసుపత్రికి వెళ్ళాలి. ఇనుము మాత్రల వల్ల, లోహభస్మాల వల్ల కూడా మలం నల్లబడుతుంది గాని, ఆ నిర్ణయం వైద్యునికే వదలండి. మ్రింగడం కష్టమైనా, అకారణంగా బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయరాదు.

ఔషధంతో తగ్గకపోతే దేశం మారమని కాశ్యపుని ఉపదేశం. నీరు, తేమ అధికంగా ఉండే ఆనూప దేశంలో ఈ వ్యాధి ఎక్కువని ఆయన అభిప్రాయం. మన డెల్టా గ్రామాలు అటువంటివే. పొలాలు, ఉద్యోగాలు వదిలి వెళ్ళడం నేడు ఎవరికి సాధ్యం? ఆరు వారాలు శ్రద్ధగా పథ్యం చేసినా మంట తగ్గకుంటే ఎండోస్కోపీ చేయించుకోండి. వెళ్ళేటప్పుడు వాడుతున్న మందులన్నీ, నేనిచ్చిన చూర్ణాలతో సహా, ఒక కాగితంపై వ్రాసి ఆ వైద్యునికి చూపించండి.