అతుకుల బొంతకు ఏ అంచు నప్పుతుంది?

పాత చీరలు, లుంగీలు, టైలరు దగ్గర మిగిలిన గుడ్డముక్కలు కలిపి కుట్టిన అతుకుల బొంతలో ఎవరి చూపైనా ముందు మధ్యలోని ముక్కల మీదికే పోతుంది. బొంత ఆకారం చెడకుండా ఎన్నేళ్లు నిలుస్తుందో తేల్చేది మాత్రం చుట్టూ వేసిన అంచు. ముక్కల్లో కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా, కొన్ని ఐమూలగా కోసినవి; లాగితే సాగుతాయి. ఆ సాగుడును అంచే ఆపాలి.

గుంటూరు, ప్రకాశం వైపు ఇందుకు తగిన గుడ్డ ఇంటి పెట్టెలోనే దొరుకుతుంది. అది పాత నేత చీర అంచు. మగ్గం మీద పడుగు పోగులు బిగిసి ఉంటాయి, అంచు ఆ పడుగు వెంటే నడుస్తుంది. పొడవునా లాగి చూస్తే దాదాపు కదలదు. అదే గుడ్డను పేక వైపు లాగితే కొంత సాగుతుంది. కొత్త గుడ్డలో పట్టీలు కోసినా పొడవు పడుగు వెంటే రావాలి. అడ్డంగా కోస్తే గుడ్డ కలిసొస్తుంది గానీ, కొన్ని ఉతుకులకే అంచు అలలు తేలుతుంది.

ఐదున్నర మీటర్ల చీరకు రెండు వైపులా కలిపి 11 మీటర్ల అంచు వస్తుంది. 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు ఉన్న బొంత చుట్టుకొలత 7 మీటర్లే. చిరిగిన చోట్లు వదిలేసినా ఒక్క చీర సరిపోతుంది.

మంగళగిరి చీరకు ఒళ్లు సాదాగా ఉంటుంది, అందమంతా నిజాం జరీ అంచులోనే. ఆ అంచు గోడకు వేలాడదీసే బొంతకు సొగసే. కప్పుకునే బొంతకు వద్దు: మెడకు గీసుకుంటుంది, ఉతికేకొద్దీ జరీ కళ తప్పి పోగులు లేస్తాయి. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న చీరాల కుప్పడం చీరల్లో ఒంటి పేకను, అంచు పేకను కలిసే చోట ఒకదానికొకటి తగిలించి నేస్తారు. ఆ గీత మీదే కత్తెర పెడితే నేత విడిపోతుంది. ఒంటి గుడ్డ వేలెడు మేర ఉంచి కోస్తే కుట్టుకు పట్టు దొరుకుతుంది.

రంగు విషయంలో చాలామంది మధ్యలో ఎక్కువగా ఉన్న రంగునే అంచుకూ తెస్తారు. దానితో అన్నీ కలిసిపోయి ఏదీ తేలదు. అక్కడక్కడా మాత్రమే మెరిసే రంగును అంచుకు తీసుకుంటే ఆ ముక్కలకూ వెలుగొస్తుంది. మిరప కల్లం కాపలాకు వెళ్లే బొంతకైతే మురికి కనబడని ముదురు రంగే మేలు. ఎరుపు, నీలం అంచులను ముందు తడి తెల్లగుడ్డతో రుద్ది చూడాలి, రంగు దిగితే పక్కన పెట్టేయాలి. పాత ముక్కలకు కొత్త అంచు వేసేటప్పుడు దాన్ని ఉతికి ఆరేశాకే కోయాలి. లేకపోతే తొలి ఉతుకులోనే కుంచించుకుపోయి బొంతను ముడతలు పెడుతుంది.

కొలత దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. అతికిన ముక్కల పక్కలు అప్పటికే సాగి ఉంటాయి కాబట్టి కొలత మధ్యలో తీయాలి. ఎదురెదురు పట్టీలు రెండూ ఆ కొలతకే కోసి, ముందు నడిమికి, తర్వాత కొసలకు గుండుసూదులు గుచ్చి కుట్టాలి. మూలల్లో ఫొటో ఫ్రేములా ఏటవాలుగా కలిపితే అందమే గానీ, ఒక్కో పట్టీ భుజం పొడవుకు రెండు అంచు వెడల్పులు కలిపి ఉండాలి, కుట్టు మడత అదనం. గోపురం అంచుకు ఈ పద్ధతి కుదరడం కష్టం, గోపురాలు సగంలో తెగుతాయి. అక్కడ మూలకో చదరపు ముక్క వేయడమే తెలివి. గోపురాల కొనలు నాలుగు వైపులా లోపలికే తిరిగి ఉన్నాయో లేదో కుట్టకముందే చూసుకోవాలి.

కర్ణాటకలోని సిద్దీ మహిళలు కుట్టే కవండి అనే అతుకుల బొంతలో ఈ కొలతల గొడవే లేదు. వాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతారు. ముక్కలే అంచుకు తగ్గట్టు సర్దుకుంటాయి.

మన పద్ధతిలో అంచు అతికాకే అడుగు పొరలు పరుస్తారు. దారపు కుట్లు మధ్యలో మొదలై అంచు మీద దాకా రావాలి. అంచును కుట్టకుండా వదిలేస్తే అక్కడ పొరలు జారి ఉండకడతాయి.