రెండు జాతకాలు, ఒక పాపసంకీర్తనం

ఇంగ్లీషు నవలాకారుడు ఎవెలిన్ వా 1903 అక్టోబరు 28న లండన్‌లో పుట్టాడు. లగ్నం జోలికి పోకుండా సూర్యుణ్ణి ఒక్కణ్ణే చూద్దాం. పాశ్చాత్య సాయన లెక్కలో ఆ రోజు సూర్యుడు వృశ్చికంలో ఉన్నాడు. మన నిరయన పంచాంగం ప్రకారం ఇంకా తులలోనే, స్వాతి కార్తెలో ఉన్నాడు. రెండు లెక్కలకూ అప్పటికే 22 డిగ్రీలకు పైగా తేడా ఉంది. తమాషా ఏమిటంటే రెండూ ఆయనకు అతుకుతాయి. వృశ్చికమంటే కొండి కదా, వా వ్యంగ్యానికి, నోటి దురుసుకు మిత్రులు కూడా జడిసేవారు. తులలో రవి నీచ. పదో డిగ్రీ పరమనీచ అయితే, ఈయన సూర్యుడు దాదాపు అక్కడే ఉన్నాడు. రవి పితృకారకుడు కూడా. తండ్రి ఆర్థర్ వా ముద్దంతా పెద్దకొడుకు అలెక్ మీదేనని జీవితచరిత్రల్లో కనిపిస్తుంది. ఇంకేం, లండన్ జ్యోతిష్కుడూ మన సిద్ధాంతీ ఎవరికి వారే తమ లెక్క తప్పలేదంటారు. పరస్పరం పొసగని రెండు లెక్కలు ఒకే మనిషికి సరిపోయాయంటే, ఆ సరిపోవడం దేనికీ రుజువు కాదన్నమాట.

అసలు పరీక్ష ఆయన సంప్రదాయవాదం దగ్గర వస్తుంది. వృశ్చికం స్థిరరాశి, తుల చరరాశి. మార్పు గిట్టని వాడని మొదటిది చెబితే, మార్పుకు వెనకాడడని రెండోది చెప్పాలి. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో ఆరాధన సంస్కరణల పత్రం వెలువరించాక, లాటిన్ పూజ మెల్లగా పక్కకు జరుగుతుంటే వా కుమిలిపోయాడు. పత్రికల్లో రాశాడు, కార్డినల్ హీనన్‌కు లేఖలు పంపాడు. సరే, స్థిరరాశి గెలిచిందనుకుందాం. మరి అంత మొండివాడు కథోలిక సభను ఎందుకు విడిచిపెట్టలేదు? గుడికి వెళ్లడమే ఒక శిక్ష అయిందని వాపోతూనే వెళ్లాడు. 1966 ఏప్రిల్ 10న, ఈస్టర్ ఆదివారం, లాటిన్ పూజలో పాల్గొని ఇంటికి వచ్చాక కన్నుమూశాడు. స్వభావం ఒకవైపు లాగుతుంటే మనిషి మరోవైపు నిలబడడాన్ని ఏ చక్రంలో ఏ గడిలో వేస్తారు?

జాతకానికి మనిషి చిక్కడన్న ఈ మాటకు పెద్ద అభ్యంతరం చర్చి లోపలినుంచే వస్తుంది. గ్రహాలు దేహం మీద పనిచేస్తాయని, దేహం ద్వారా కోరికలను కదిలిస్తాయని పునీత తోమా అక్వినాసు ఒప్పుకున్నాడు. చాలామంది తమ కోరికల వెంటే నడుస్తారు కాబట్టి జ్యోతిష్కుల మాట తరచూ నిజమవుతుందని కూడా అన్నాడు. ఆ వాదంలో చివరి మెట్టును మాత్రం చాలామంది వదిలేస్తారు: కోరికను ఎదిరించగల మనిషి విషయంలో ఆ జోస్యం చెల్లదు. వా జీవితం ఈ మెట్టు మీదే నడిచింది. 1930 సెప్టెంబరులో కథోలిక సభలో చేరినప్పుడు ఆయన తొలి పెళ్లి అప్పటికే విడాకులతో ముగిసింది. ఆ భార్య బతికుండగా మళ్లీ పెళ్లి లేదనే నమ్మి చేరాడు. ఆ వివాహం చెల్లదని చర్చి తేల్చింది 1936లో. ఆయన కోపిష్టితనం మాత్రం పోలేదు. కథోలికుడివై ఉండి ఇంత క్రూరంగా ఎలా మాట్లాడతావని స్నేహితురాలు నాన్సీ మిట్‌ఫోర్డ్ నిలదీసిందట. ఆ విశ్వాసమే లేకపోతే తాను మనిషిగానే మిగలనని ఆయన జవాబు. నేరాన్ని గ్రహం మీదికి నెట్టకుండా తన మీదే వేసుకున్న మాట అది. ఆత్మశోధన మొదలయ్యేది అక్కడే.

పోపులే జ్యోతిష్కులను పోషించారు కదా అంటే, నిజమే. మూడో పౌలు లూకా గౌరికో అనే జ్యోతిష్కుణ్ణి ఏకంగా బిషప్పును చేశాడు. కానీ ఆ శతాబ్దంలోనే, 1586లో, ఐదో సిక్స్తుస్ జాతకం చెప్పడాన్ని ఖండిస్తూ శాసనం వెలువరించాడు. పోపుల అలవాటు వేరు, సభ బోధ వేరు. మన జ్యోతిషం విధికి తలవంచమనదు, శాంతులు, పరిహారాలు చెబుతుంది, పురుషకారాన్నీ ఒప్పుకుంటుంది అనేది ఇంతకంటే బరువైన మాట. దాన్ని కొట్టిపారేయడం అన్యాయం. అయితే శాంతి చేసేది గ్రహానికి. పాపసంకీర్తనంలో మోకరించేవాడు ‘నేను చేశాను’ అంటాడు, గురువు ఎదుట, పేరుపెట్టి, ఒక్కో తప్పూ. అక్కడ శనికి వాటా లేదు.

ఇక బేత్లెహేము నక్షత్రం మిగిలింది. తూర్పుదేశపు జ్ఞానులు ఆకాశం చదివే వచ్చారు. అయినా మత్తయి సువార్తలో ఆ నక్షత్రాన్ని చూసి బయల్దేరినవాళ్లు యెరూషలేములో ఆగి దారి అడగాల్సి వచ్చింది. ఊరి పేరు తెలిసింది ప్రవక్త రాతలోంచి. వా తన రచనల్లో ఎక్కువగా ఇష్టపడిన ‘హెలెనా’లో (1950) ముసలి రాజమాత హెలెనా ఆ జ్ఞానుల పండుగ నాడు వాళ్లనే ప్రార్థిస్తుంది. గొర్రెల కాపరులు ముందే చేరుకున్నారు, వీళ్లు లెక్కలు కట్టుకుంటూ ఆలస్యమయ్యారు. ఆ లెక్కలను హెలెనా మెచ్చుకోదు. చుట్టుతిరిగి, అతితెలివితో, అందరికంటే వెనక వచ్చినవాళ్లకూ పశువుల తొట్టి పక్కన చోటు దొరికిందనే ఆమె ధైర్యం తెచ్చుకుంటుంది. ఇరవై ఆరేళ్లు దాటాక సభలో చేరిన వా, ఆ ప్రార్థనలో తనను తాను కూడా కలుపుకునే ఉంటాడు.