విశాఖ నుండి చిలికా దాకా: కడలి వెంట నాలుగు రోజులు

చెన్నపట్నం నుండి, బెంగుళూరు నుండి బరంపురం, కటకం వైపు పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వచ్చిపోయే మన కుటుంబాలు చాలా ఉన్నవి. వారిలో పెక్కుమంది రాత్రి రైలులో నిద్రపోతూ దాటిపోయే సీమ ఒకటున్నది. అది విశాఖపట్నం మొదలు చిలికా సరస్సు వరకు గల తీరం. ఒక ప్రక్క తూర్పు కనుమలు, ఒక ప్రక్క బంగాళాఖాతం, నడుమ కొబ్బరితోటలు, జీడితోటలు, ఉప్పుమళ్ళు. నాలుగు రోజుల తీరికా ఒక కారూ సమకూరితే ఇంటిల్లిపాదీ చూసి రావచ్చును. ఆ ప్రయాణానికి ఏర్పాట్లు ఎట్లా చేసుకోవాలో ఇక్కడ మనవి చేస్తాను.

ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటున్నది. విశాఖ నుండి బరంపురానికి 16వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 275 కిలోమీటర్లు. తిన్నగా పోతే ఒక పగటిలో ముగుస్తుంది. కాని అట్లా పోయినవారికి సముద్రం దాదాపు కనబడదు. రహదారి తీరానికి ఎడంగా పోతుంది. అందుచేత ఈ ప్రయాణాన్ని ఊళ్ళ లెక్కన గాక నదుల లెక్కన వేసుకోవాలి. గోస్తని, చంపావతి, నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా, ఋషికుల్య: ఈ ఏడింటినీ రహదారి వరుసగా దాటుతుంది. ఏ నది వద్దనైనా తూర్పుకు మళ్ళి పోతే దాని సాగరసంగమం చేరవచ్చును. ఈ దారిలోని అందాలు చాలావరకు ఆ సంగమాల చుట్టుప్రక్కలనే ఉన్నవి. రోజుకు రెండుచోట్ల మళ్ళితే చాలును. మూడవది పెట్టుకున్నామా, పెద్దలకు అలసట, పిల్లలకు ఏడుపు, చీకటిపడ్డాక తెలియని పల్లెదారి!

ఎప్పుడు బయలుదేరాలి?

దసరా సెలవులు చేతికి అందుతాయి గనుక అందరి మనసూ అటే పోతుంది. ఈ తీరానికి అది గండకాలం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద, 2014లో సరిగా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ వద్ద, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతంలో తీరం దాటినవి. సంక్రాంతి సెలవులైతే ఆకాశం తేటగా ఉంటుంది. వలసపక్షులు కూడా ఉంటాయి. సముద్రపు తాబేళ్ళను చూడాలన్న కోరిక ఉంటే మాత్రం ఫిబ్రవరి, మార్చి నెలలకు వాయిదా వేసుకోవాలి. రెండు ముచ్చట్లూ ఒక్కసారే తీరాలంటే ఫిబ్రవరి చివరి వారం ఎంచుకోవచ్చును.

మొదటి రెండు రోజులు

మొదటి రోజు విశాఖ నుండి రహదారి ఎక్కకుండా సముద్రం ప్రక్కనే భీమునిపట్నం దారి పట్టాలి. మధ్యలో తొట్లకొండ మీది బౌద్ధారామ శిథిలాలు, ఆ తరువాత ఎర్రమట్టి దిబ్బలు. వేల సంవత్సరాల కాలంలో సముద్రమట్టం హెచ్చుతగ్గులైనప్పుడు గాలి తెచ్చిపోసిన ఇసుక ఇది. అందులోని ఇనుము తుప్పువలె మారి ఎరుపెక్కింది. తమిళనాట తూత్తుకుడి వైపు ‘తేరి’ అని పిలిచే ఎర్ర ఇసుకలు దీనికి చుట్టాలే. వానకు కోసుకుపోయిన గోడలు చాలా పెళుసు. పిల్లలను వాటిమీదికి ఎక్కనివ్వరాదు. భీమిలిలో గోస్తని సంగమం, డచ్చివారి పాత సమాధులు చూసుకొని, తగరపువలస వద్ద రహదారి ఎక్కి, సాయంత్రానికి శ్రీకాకుళం చేరవచ్చును.

రెండవ రోజు ఉదయం శాలిహుండం కొండ. పైన బౌద్ధస్తూపాలు, క్రింద వంశధార. అక్కడినుండి కళింగపట్నం పోతే నది సముద్రంలో కలవడమూ, దీపస్తంభమూ కనబడతాయి. మధ్యాహ్నం టెక్కలి వైపు తేలినీలాపురం. చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరిలోని చెట్లమీదనే గూళ్ళు కడతాయి. పక్షులు వస్తే ఊరికి మేలని అక్కడివారి నమ్మకం. అందుచేత వాటి జోలికి పోరు. మనమూ గట్టిగా మాట్లాడకుండా చూసి రావాలి. రాత్రి బస పలాసలో. జీడిపప్పు అక్కడే కొనుక్కోవచ్చును.

మూడవ, నాలుగవ రోజులు

మూడవ రోజు మహేంద్రతనయ సంగమం దగ్గరి బారువ. ఎడమచేతి వైపు 1,501 మీటర్ల మహేంద్రగిరి తోడు వస్తుంది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం వేరైనప్పుడు గీసిన సరిహద్దు ఇది. కాని మాట మాత్రం ఆ గీత దగ్గర ఆగలేదు. అటూ ఇటూ కూడా రెండు భాషలూ వినబడతాయి. సాయంత్రానికి గోపాల్‌పూర్. కళింగపట్నం, గోపాల్‌పూర్ రేవుల నుండే ఒకప్పుడు మనవారు ఓడలెక్కి కూలికి, ఉద్యోగాలకు రంగం పోయినారు. మీ ఇంట ‘రంగం పోయిన’ తాతల ముచ్చట ఉంటే, అది పిల్లలకు చెప్పవలసిన చోటు ఈ ఇసుక మీదనే.

నాలుగవ రోజు గంజాం వద్ద ఋషికుల్య సంగమం. తాబేళ్ళు వేలు, లక్షలుగా వచ్చి రాత్రివేళ గుడ్లుపెట్టే చోటిది. కొన్ని సంవత్సరాలు రాకపోవడమూ కద్దు. వచ్చినప్పుడు బ్యాటరీదీపాలు, ఫోను వెలుగులు చూపరాదు. వెలుగు చూస్తే తల్లి బెదిరి గుడ్లు పెట్టకుండానే మరలిపోవచ్చును. అక్కడినుండి రంభ చేరి చిలికాలో పడవ ఎక్కవచ్చు. ఈ సరస్సు ఒకప్పుడు పూడిపోతూ ఉండేది. ఉప్పునీరు రాక తగ్గి, నాచు పెరిగి, చేపలు తగ్గి, జాలరుల బ్రతుకు దుర్భరమైంది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తెరచిన పిమ్మట చేపలు తిరిగి వచ్చినవి. డాల్ఫిన్లు ఎక్కువగా కనబడేది ఆవలి కొనన ఉన్న సాతపడా వద్ద. దానిని అదే రోజున ఇరికించరాదు. ఐదవ రోజు ఉంటే పూరీతో కలిపి చూడవచ్చును. పడవవానితో మాత్రం ముందే చెప్పండి: డాల్ఫిన్ల వెంట తరమవద్దు, దూరంగా ఆపితే చాలునని.

ఒక హెచ్చరిక

విహారానికి వచ్చిన కుర్రవాళ్ళు అలలకు కొట్టుకుపోయిన వార్త ఈ తీరాన ఏటా వింటూనే ఉన్నాము. ఒడ్డుకు కొట్టిన నీరంతా ఇసుకతిన్నెల సందులో సన్నని పాయగా వెనుకకు లాగుతుంది. అలలు విరగకుండా ప్రశాంతంగా కనబడే చోటే ఒక్కొక్కప్పుడు ఆ పాయ ఉంటుంది. ఈత వచ్చినవాడు దానికి ఎదురీదితే అలసిపోతాడు; ఒడ్డుకు సమాంతరంగా ఈది పాయ దాటిన పిమ్మటనే ఒడ్డు వైపు తిరగాలి. నదీసంగమాల వద్ద ఈ లాగుడు మరీ ఎక్కువ, అందులోనూ ఆటుపోటులలో నీరు దిగేవేళ. కనుక పాదాలు తడిస్తే చాలును. అంతకు మించి దిగరాదని బయలుదేరే ముందే ఇంటిలో అందరి చేతా ఒప్పించండి.

మందులు, మంచినీళ్ళు, పెద్దవారికి మెత్తని దిండు దగ్గర ఉంచుకోండి. సెలవుల్లో బసలు ముందే మాట్లాడుకోండి. ముఖ్యంగా అమ్మమ్మలనూ తాతయ్యలనూ ఇంటివద్ద వదలకండి. ఈ దారిలోని ఊళ్ళ పేర్లు వింటే వారికి జ్ఞప్తికి వచ్చే సంగతులు ఏ పటంలోనూ ఉండవు.