వలస పోయిన మొదటి మనుషులు



'వలస' అన్న మాట తెలియని ఇల్లు మన పాలమూరులో లేదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, మూటాముల్లె కట్టుకుని, బొంబాయికో పూణేకో పోయిన వాళ్లు ఊరూరా ఉన్నారు.

మొన్న ఆత్మకూరు దగ్గర మా చదువు కేంద్రంలో ఈ మాటే పలకల మీద రాసుకున్నాం. అప్పుడు ఒక పెద్దమ్మ అడిగింది.

"సారూ, ఈ వలస మనతోనే మొదలైందా? ఎనకట గూడ పోయేటోళ్లా?"

మంచి ప్రశ్న. పోయేవాళ్లు పెద్దమ్మా! మనిషి పుట్టినప్పటి నుంచీ నడుస్తూనే ఉన్నాడు. ఆ సంగతి చెప్పుకుందాం.

రాయే కత్తి, రాయే గొడ్డలి

ఆ కాలంలో పంట లేదు. ఇనుము లేదు. వండుకునే కుండ కూడా లేదు. ఉన్నదల్లా రాయి, కట్టె, ఎముక.

రాయిని రాయితో కొడితే పెచ్చు లేస్తుంది. పెచ్చు అంచు కత్తిలా ఉంటుంది. దానితో మాంసం కోసేవాళ్లు. తోలు గీకేవాళ్లు. చెన్నై దగ్గర అత్తిరంపాక్కంలో దొరికిన రాతి గొడ్డళ్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివి. వాటిని చేసిన వాళ్లు అచ్చం మనలాంటి వాళ్లు కారు. మనకంటే ముందటి రకం మనుషులు.

మనలాంటి మనుషులు ఆఫ్రికా ఖండంలో పుట్టారు. అక్కడి నుంచి లోకమంతా వ్యాపించారు. ఇది ఒక్క మనిషి నడిచిన నడక కాదు. తల్లిదండ్రులు ఒక వాగు దాటితే, పిల్లలు ఇంకో గుట్ట దాటారు. అట్లా వేల ఏళ్లు నడిచారు.

గుహలో పొయ్యి

మన కృష్ణ దాటి, తుంగభద్ర దాటి, కర్నూలు మీదుగా పోతే బేతంచెర్ల వస్తుంది. అది ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. అక్కడ బిల్లసర్గం గుహలు ఉన్నాయి. 1884, 1885లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే పండితుడు, ఆయన కొడుకు ఆ గుహల్లో తవ్వించారు. కుప్పలుగా జంతువుల ఎముకలు దొరికాయి. వాటిలో ఖడ్గమృగం ఎముకలు కూడా ఉన్నాయి. ఈ రోజు ఆ జంతువును అడవిలో చూడాలంటే అస్సాం వైపు పోవాలి!

ఆ చుట్టుపక్కలే ముచ్చట్ల చింతమాను గవి అనే గుహ ఉంది. అందులో ఎముకతో చేసిన పనిముట్లు దొరికాయి. నిప్పు రాజేసిన పొయ్యి ఆనవాలు దొరికింది. ఆ పొయ్యి వయసు సుమారు 17 వేల ఏళ్లు.

ఎందుకు పోయేవాళ్లు?

ఎండాకాలం మడుగు ఎండితే జింకలు నీళ్లున్న చోటికి పోతాయి. జింకల వెంట మనుషులు పోయేవాళ్లు. రోజూ వేట దొరకదు. అందుకని గడ్డలు తవ్వుకున్నారు. పండ్లు, తేనె ఏరుకున్నారు. ఏ గడ్డ ఎక్కడ ఊరుతుందో, ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో వాళ్లకు తెలియాలి. లేకుంటే పస్తే. మన నల్లమల చెంచులను అడగండి. అడవి మీద ఆధారపడి బతకడానికి ఎంత తెలివి కావాలో వాళ్లు చెబుతారు.

నిలిచిన చోటు

మరి నడక ఎప్పుడు తగ్గింది? పశువులను మచ్చిక చేసుకుని, గింజలు చల్లడం నేర్చుకున్నాక తగ్గింది.

దీనికి సాక్ష్యం మన దగ్గరే ఉంది. పాత మక్తల్ తాలూకాలో ఉట్నూరు అనే ఊరు ఉంది. ఆదిలాబాదు ఉట్నూరు వేరు, ఇది వేరు. ఇక్కడి బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ అనే పండితుడు తవ్వించాడు. అది కాలిన పశువుల పేడ అని తేలింది. మొద్దులు పాతి కట్టిన దొడ్డి ఆనవాళ్లు కనిపించాయి. పశువుల గిట్టల ముద్రలు కూడా కనిపించాయి! 4 వేల ఏళ్లకు పైబడిన దొడ్డి అది.

ఈ మాట చెప్పగానే పెద్దమ్మ నవ్వింది. "అయితే ఆళ్లు గూడ మా లెక్కనే పెంట ఎత్తినోళ్లే!" అంది.

నిజమే. వాళ్లకు అక్షరాలు లేవు. పేరు రాసుకోలేదు. కానీ వాళ్ల బతుకు మట్టిలో మిగిలింది. మనం అక్షరాలు కూడబలుక్కుని చదివినట్టే, పండితులు ఆ మట్టిని పొర పొరగా చదివారు.

అందుకే ఒక మాట. చేనులో పాత రాళ్ల వరస, రాకాసి గుడి, బూడిద దిబ్బ ఉంటే ట్రాక్టరు పెట్టి చదును చేయకండి. కంకరకు కొట్టనియ్యకండి. అక్కడే ఉంచి పంచాయతీలో, బడిలో చెప్పండి. కృష్ణ ఒడ్డున ముడుమాల నిలువు రాళ్లను జనం పగలగొట్టకుండా ఉంచారు. అందుకే 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి.

తిండి, నీళ్లు లేక మనిషి నడిచాడు. అవి దొరికిన చోట నిలిచాడు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

ఆలోచించండి, చెప్పండి

1. ఆ కాలం మనుషులు ఎందుకు వలస పోయేవాళ్లు? మనం ఎందుకు పోతున్నాం?
2. ఉట్నూరు బూడిద దేని బూడిద?
3. మీ ఊళ్లో పాత రాళ్లు, దిబ్బలు ఉన్నాయా? వాటి గురించి పెద్దలు ఏం చెబుతారు? రెండు వాక్యాలు రాయండి.