ఉచితంగా దొరికే కావలి

1986లో లాహోరు నగరానికి చెందిన బాసిత్, అంజద్ ఫారూఖ్ అల్వీ అనే సోదరులు, తమ సాఫ్ట్‌వేరుకు దొంగ నకళ్లు తీసేవారిని పట్టుకోదలచి ఒక చిన్న ప్రోగ్రాము రాశారు. అందులో తమ పేర్లు, చిరునామా, ఫోను నంబర్లు కూడా పొందుపరిచారు. 'బ్రెయిన్' అనే ఆ ప్రోగ్రాము ఫ్లాపీల వెంట ఖండాంతరాలు దాటి, ఐ.బి.ఎం. తరహా పర్సనల్ కంప్యూటర్లకు సోకిన తొలి వైరస్‌గా చరిత్రకెక్కింది.

నేటి వైరస్‌లు కర్తల చిరునామా చెప్పవు. 2017 మే నెలలో విజృంభించిన 'వాన్నాక్రై' ఫైళ్లకు తాళం వేసి, సొమ్ము చెల్లిస్తేగాని తెరవనన్నది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాతబడ్డాయి. అది చొరబడిన లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే విడుదల చేసింది. సకాలంలో దానిని వేసుకోనివారే ఎక్కువగా నష్టపోయారు.

మరి, పిల్లల ఫొటోలు, బ్యాంకు లెక్కలు దాచుకొన్న ఇంటి కంప్యూటరును కాపాడుకోవాలంటే డబ్బు వెచ్చించక తప్పదా? తప్పదనేమీ లేదు. విండోస్ 11లో 'డిఫెండర్' అనే రక్షక సాధనం అంతర్భాగంగానే లభిస్తుంది. సామాన్య గృహస్థునికి అది చాలావరకు సరిపోతుంది.

వేరొకటి కావాలనుకొనేవారు ప్రకటనలను కాక పరీక్షా ఫలితాలను చూడడం మేలు. జర్మనీలోని 'ఏవీ-టెస్ట్', ఆస్ట్రియాలోని 'ఏవీ-కంపారెటివ్స్' సంస్థలు ఈ సాధనాలను తరచు పరీక్షించి ఫలితాలను ప్రకటిస్తాయి. వైరస్‌ను పట్టుకొనే సామర్థ్యంతోపాటు, కంప్యూటరును ఎంత మందగింపజేస్తున్నది, నిర్దోషి ఫైళ్లను ఎంత తరచుగా అనుమానిస్తున్నది అన్నవి కూడా గమనించదగినవి.

ఉచితమన్నదానికి మూల్యం మరో రూపంలో ఉండవచ్చు. ప్రసిద్ధమైన 'అవాస్ట్' సంస్థ తన వినియోగదారులు ఇంటర్నెట్‌లో ఏమేమి చూస్తున్నారో సేకరించి అమ్ముకున్నదన్న అభియోగంపై, 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1 కోటి 65 లక్షల డాలర్లు చెల్లించాలన్నది. కంచే చేను మేసిందన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. కనుక ఏ సమాచారం సేకరిస్తారో చదివిన తరువాతే సమ్మతించాలి. ప్రోగ్రామును తయారుచేసిన సంస్థ నుంచే తెచ్చుకోవాలి. "మీ కంప్యూటరుకు వైరస్ సోకింది" అంటూ హఠాత్తుగా తెరపై ప్రత్యక్షమయ్యే ప్రకటనల వెనుక తరచుగా ఉండేది వైరసే.

ఇద్దరు కావలివారుంటే రక్షణ రెట్టింపవుతుందనుకోవడం పొరపాటు. నిరంతరం కాపుగాసే సాధనాలు రెండు ఒకే యంత్రంలో ఉంటే పరస్పరం అడ్డుపడి పనిని కుంటుపరుస్తాయి.

ఎంత మంచి సాధనమైనా, యజమాని తానై చెప్పిన పాస్‌వర్డును కాపాడలేదు. పోతే తిరిగిరాని ఫైళ్లకు మరొక డిస్కులో నకలు తీసి, దానిని యంత్రం నుంచి వేరుచేసి భద్రపరచడం కావలి ఉన్న ఇంటికైనా అవసరమే.