పులికాట్: పక్షులకా, పడవలకా?

చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఎక్కువ భాగం ఆంధ్రలో, మిగిలింది తమిళనాడులో ఉంది. తమిళులు పళవేర్కాడు అంటారు. తడ, సూళ్లూరుపేట వైపు పాత పేరు ప్రళయకావేరి. సరిహద్దుకు అటూ ఇటూ దీన్ని నమ్ముకున్న తెలుగు కుటుంబాలున్నాయి.

సరస్సుకు ప్రాణం సముద్రంతో కలిపే ముఖద్వారాలు. పోటు నీటితో రొయ్యపిల్లలు, చేపపిల్లలు లోపలికొస్తాయి. ఇసుక మేట వేస్తే ఆ దారి మూసుకుపోతుంది, వేటా తగ్గుతుంది. అందుకే పూడిక తీయాలని రెండు రాష్ట్రాల మత్స్యకారులూ అడుగుతున్నారు.

పక్షి ప్రేమికుల ఆందోళన వేరు. శీతాకాలంలో వచ్చే ఫ్లెమింగోలకు లోతు లేని నీరు, బురద నేలే మేత. తవ్వకాలు ఆ నేలను చెరపకూడదని వారి మాట. ఇరు రాష్ట్రాల్లోనూ ఇది పక్షుల అభయారణ్యం కాబట్టి, ఏ పనికైనా అటవీ శాఖ అనుమతి కావాలి.

దక్షిణాన కాట్టుపల్లి పోర్టు విస్తరణ మరో వివాదం. ఉద్యోగాలొస్తాయని కొందరి ఆశ. తీరం కోతకు గురవుతుందని, వేట పోతుందని మత్స్యకారుల భయం. అంటే పూడిక తీయమన్నవారే పోర్టు వద్దంటున్నారు. వారిని అభివృద్ధి వ్యతిరేకులనడం సరికాదు.

మత్స్యకారులంతా ఒకటీ కాదు. పాడు పద్ధతిలో కొన్ని ఊళ్లకు వంతులున్నాయి. చేతులతో రొయ్యలు పట్టే ఇరుళర్లకు ఆ హక్కు లేదు. సరస్సుపై నిర్ణయం తీసుకునేటప్పుడు వంతు లేనివారినీ అడగాలి.