చిట్టి పాదాలకు చల్లని దారి

వేసవి సెలవులొచ్చాయి. 'ఎక్కడికైనా వెళ్దాం నాన్నా' అని చిన్నోడి మారాం మొదలైంది. బయట చూస్తే నిప్పుల కుంపటి! వెళ్లనంటే పసిమొహం చిన్నబోతుంది. వెళితే ఎండ కొడుతుందేమోనని భయం. మూడు నాలుగేళ్ల పిల్లలున్న ఇళ్లలో ఏటా ఇదే తర్జనభర్జన. కాస్త ముందుచూపు ఉంటే సరదా, క్షేమం రెండూ దక్కుతాయి.

ఆదివారం. తొమ్మిదింటికి టిఫిన్లు. పదింటికి సామాన్ల సర్దుడు. 'ఈ చొక్కా వద్దు, ఆ చొక్కా' అంటూ బుజ్జిగాడి పేచీ. అందరూ తయారై జూ గేటు దగ్గరికి చేరేసరికి పదకొండున్నర. లోపలికెళితే ఏముంది? పులి ఏ నీడనో గుర్రు పెట్టి నిద్రపోతోంది. ఎలుగుబంటి జాడే లేదు. అరగంట తిరిగేసరికి పిల్లాడు నాన్న భుజమెక్కి ఏడుపు. ఊరుకోబెట్టడానికి ఓ ఐస్‌క్రీం, ఇంకో కూల్‌డ్రింకు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడింది. అమ్మ నాన్నను అంది, నాన్న అమ్మను అన్నాడు. నిజానికి తప్పు జూది కాదు, పులిది కాదు, పిల్లాడిది అసలే కాదు. గడియారానిది!

పెద్దల లెక్క చెల్లదు

'మేం చిన్నప్పుడు మిట్టమధ్యాహ్నం మామిడితోటల్లో తిరగలేదూ' అంటుంటారు తాతయ్యలు. తిరిగే ఉంటారు. కానీ మూడేళ్ల పిల్లాడి సంగతి వేరు. ఒంటి బరువుతో పోలిస్తే పసివాళ్ల చర్మం విస్తీర్ణం పెద్దలకన్నా ఎక్కువ. అందుకే చుట్టూ వేడి ఉంటే వాళ్లు త్వరగా వేడెక్కిపోతారు. చల్లబరిచే చెమటేమో తక్కువ పడుతుంది. ఆటలో పడితే దాహం సంగతే మరిచిపోతారు. 'నీళ్లు కావాలా?' అని అడిగితే 'వద్దు' అనడమే తెలుసు. అందుకని అడగడం కాదు, పావుగంటకోసారి రెండు గుక్కలు పట్టించడమే మేలు. ఆరు నెలల్లోపు పాపాయికి మాత్రం ఎంత ఎండాకాలమైనా విడిగా నీళ్లక్కర్లేదు. తల్లిపాలలోనే కావలసినంత నీరుంటుంది. కాకపోతే మరికాస్త తరచుగా పట్టాలి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. 2015 మే నెలలో వీచిన వడగాలులు రెండు తెలుగు రాష్ట్రాల్లో వందలాది ప్రాణాలను బలిగొన్నాయి. కాబట్టి ఎండను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. అలాగని రెండు నెలలూ టీవీ ముందు కూర్చోబెట్టడమూ న్యాయం కాదు. మరి ఏం చేయాలి?

పొద్దున్నే పదండి

పది దాటాక ఎండ ముదురుతుంది. నాలుగైనా తగ్గదు. ఆ మధ్య సమయాన్ని వదిలేస్తే చాలు, సగం సమస్య తీరినట్లే. హైదరాబాద్‌లో మీరాలం చెరువును ఆనుకుని 380 ఎకరాల్లో ఉన్న నెహ్రూ జంతుప్రదర్శనశాలనే తీసుకోండి. 1963లో తెరిచిన ఈ జూను ఒక్కపూటలో మొత్తం చూడాలనుకుంటే పెద్దవాళ్ల కాళ్లే పీకుతాయి. పసివాడితో వెళ్లేటప్పుడు ఏనుగు, జిరాఫీ, పులి... ఇలా మూడు నాలుగే ఎంచుకోవాలి. గేట్లు తెరిచే వేళకే అక్కడుంటే జంతువులూ హుషారుగా కనిపిస్తాయి. వేసవిలో వాటిని చల్లబరచడానికి నీళ్లు చిమ్ముతారు, పుచ్చకాయలు పెడతారు. ఏనుగు పుచ్చకాయ తింటుంటే చూసిన పిల్లాడు ఇంటికొచ్చి తనూ మారాం చేయకుండా తింటాడు! సోమవారం జూకి సెలవన్నది మాత్రం మరిచిపోవద్దు.

విశాఖ వాసులకైతే తూర్పు సముద్రమే పెద్ద వరం. తెల్లారకముందే పిల్లాణ్ని ఎత్తుకుని తీరానికి వెళితే, నీళ్లలోంచి సూర్యుడు పైకి రావడం చూపించవచ్చు. ఇసుకలో గుజ్జనగూళ్లు కట్టి, ఎనిమిదికల్లా ఇంటికొచ్చేయొచ్చు. అదే పదకొండింటికి వెళితే ఇసుక కాళ్లను కాల్చేస్తుంది. గుడులకు వెళ్లేటప్పుడూ ఇదే జాగ్రత్త. చెప్పులు బయట వదిలాక బండల మీద నడవాలి. పెద్దల అరికాళ్లు ఓర్చుకున్నంత వేడిని పసిపాదాలు ఓర్చుకోలేవు. చంటివాళ్లకు ఓ జత మేజోళ్లు తీసుకెళ్లినా కారు దిగింది మొదలు ఎత్తుకోవడమే మేలు.

నీడపట్టున వినోదం

మధ్యాహ్నమే ఖాళీ దొరికిందనుకోండి. పైకప్పు ఉన్న చోటే వెతుక్కోవాలి. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం అలాంటిదే. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరణతో 1951లో మొదలైన ఈ మ్యూజియంలో పిల్లలను కట్టిపడేసేది ఒకటుంది. సంగీత గడియారం! గంట కొట్టే సమయం దగ్గర పడగానే లోపలి నుంచి ఓ గడ్డం తాత బొమ్మ బయటికొస్తుంది. ఎన్ని గంటలైతే అన్నిసార్లు టంగుటంగుమని కొట్టి లోపలికెళ్లిపోతుంది. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు. చుట్టూ చేరిన పెద్దలు కూడా పిల్లలైపోతారు. శుక్రవారం తప్ప ఏ రోజైనా వెళ్లొచ్చు. నౌబత్ పహాడ్ మీద 1985లో ప్రారంభమైన బిర్లా ప్లానెటోరియం మరో చల్లని చోటు. అయితే లోపల ఒక్కసారిగా చీకటవుతుంది. 'ఇప్పుడు లైట్లు తీసేస్తారు, చుక్కలొస్తాయి' అని ముందే చెప్పి ఒళ్లో కూర్చోబెట్టుకుంటే మూడేళ్ల పిల్లలు బెదరరు.

విశాఖ బీచ్‌రోడ్డులోని కురుసుర జలాంతర్గామికి ఇంకో కథ ఉంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియంగా మారింది. లోపల దారులు ఇరుకు. పెద్దలు తలొంచి నడుస్తుంటే బుడతలు మాత్రం దర్జాగా నిటారుగా నడిచిపోతారు. వాళ్లు పెద్దలను గెలిచే చోటు అంతకంటే ఇంకెక్కడుంటుంది?

రైలెక్కితే సొరంగాలు

రెండు మూడు రోజులు వీలుంటే కొండెక్కొచ్చు. విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు పిల్లలకు కదిలే బొమ్మరిల్లు. దారిలో యాభైకి పైగా సొరంగాలు! చీకటి వచ్చిన ప్రతిసారీ పెట్టెలోని పిల్లలంతా 'ఓ...' అని అరుస్తారు. అంకెలు నేర్చుకుంటున్న చిన్నారికి సొరంగాలు లెక్కపెట్టడమే ఆట. 2017లో ఈ మార్గంలో అద్దాల పెట్టె కూడా తగిలించారు. రాయలసీమ వాళ్లకైతే మదనపల్లె దగ్గర హార్సిలీ హిల్స్ ఉండనే ఉంది. సుమారు నాలుగు వేల అడుగుల ఎత్తు. ఒకప్పటి కడప కలెక్టర్ హార్సిలీ అక్కడి చల్లదనం చూసి ముచ్చటపడి ఇల్లు కట్టుకున్నాడు. ఘాట్‌రోడ్డు మలుపుల్లో పిల్లలకు కడుపులో తిప్పుతుంది. ఎక్కే ముందు కడుపు నిండా పాలు పట్టకుండా, తేలిగ్గా ఓ ఇడ్లీ పెడితే చాలు.

నీళ్లున్న చోట చెయ్యి వదలొద్దు

వేసవంటే పిల్లలకు నీళ్లాట. అసలు భయం కూడా అక్కడే ఉంది. సముద్రపు అల వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింది ఇసుకను లాక్కుపోతుంది. చీలమండలు తడిస్తే చాలు, అంతకుమించి లోపలికి తీసుకెళ్లకూడదు. కాలువలు, చెరువులు పైకి నిమ్మళంగా కనిపిస్తాయి కానీ లోతు చెప్పవు. ఇంట్లో ఉన్నా ఏమరుపాటు కూడదు. తల బరువు ఎక్కువ కాబట్టి, బకెట్లోకి తొంగిచూసిన ఏడాదిన్నర పిల్లాడు తలకిందులుగా పడితే తనంతట తాను లేవలేడు. జానెడు నీళ్లే ప్రాణం తీయగలవు. పైగా పెద్దగా చప్పుడు కూడా కాదు. స్నానం అవగానే బకెట్ బోర్లించడం, నీళ్ల సంపుకి మూతపెట్టడం అలవాటు కావాలి. టబ్బులో ఆడుతున్నప్పుడు ఫోన్ మోగినా సరే, పిల్లాణ్ని వదిలి వెళ్లకూడదు.

సంచిలో ఏముండాలి?

కాచి చల్లార్చిన నీళ్ల సీసా. పల్చటి మజ్జిగ. వదులుగా ఉండే నూలు బట్టలు రెండు జతలు. అంచున్న టోపీ. తడిపి తుడవడానికి మెత్తటి గుడ్డ. ఓ ఓఆర్‌ఎస్ పొట్లం. పెద్ద పొట్లాన్ని లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం ఇప్పుడు, సగం తర్వాత అంటే ఉప్పు పాళ్లు తప్పుతాయి. కలిపింది ఒక్కరోజే వాడాలి. దుకాణంలో కొనేటప్పుడు జాగ్రత్త. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని తీపి పానీయాలు అమ్మడం చాలాకాలం సాగింది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేనివాటికి ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది. అట్టపెట్టె పానీయం చేతిలోకి తీసుకున్నప్పుడు పెద్దక్షరాలు కాదు, చిన్నక్షరాలు చదవాలి.

తినేవాటిలోనూ తెలివి కావాలి. తాటిముంజలు, పుచ్చకాయ, మామిడి... కాలం ఇచ్చిన కానుకలివి. కాకపోతే ముంజను ముక్కలు చేసి, ద్రాక్షను నిలువుగా చీల్చి పెట్టాలి. గుండ్రంగా జారేవి గొంతులో అడ్డం పడతాయి. పల్లీలూ అంతే. రోడ్డు పక్క చెరకు రసం బాగుంటుంది కానీ, అందులోని ఐసు ఏ నీటితో గడ్డకట్టించారో ఎవరికి తెలుసు? అది లేకుండా అడిగితే సరి.

ఆగిన కారు... మండే పొయ్యి

'రెండు నిమిషాల్లో వచ్చేస్తా, వాడు నిద్రపోతున్నాడు కదా' అని పిల్లాణ్ని కారులో వదిలి దుకాణంలోకి వెళుతుంటారు కొందరు. మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. నిద్ర చెడినా ఫర్వాలేదు, ఎత్తుకునే వెళ్లాలి. పాపాయిని పడుకోబెట్టిన తోపుడు బండి మీద ఎండ తగలకుండా దుప్పటి కప్పడమూ ఇలాంటి పొరపాటే. లోపల గాలి ఆడక ఇంకా ఉక్కపోస్తుంది.

నోరు ఎండటం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, కళ్లు లోపలికి పోవడం, ఆరు గంటలైనా ఒంటికి పోయకపోవడం... ఇవన్నీ ఒంట్లో నీరు తగ్గిందన్న సంకేతాలు. ఒళ్లు కాలిపోతూ, పిల్లాడు మగతగా ఉన్నా, పిలిస్తే పలకకపోయినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తూ విసరాలి. జ్వరం మందు దీనికి పనిచేయదు. మగతలో ఉన్నప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు. తుడుస్తూనే 108కి ఫోన్ చేయాలి.

ఇల్లు కూడా ఊరే!

రోజూ ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. అమ్మమ్మ ఆవకాయకు కాయలు తుడుస్తుంటే పక్కన కూర్చుని ఒక్కోటీ అందించడం నాలుగేళ్ల మనవరాలికి పెద్ద ఉద్యోగమే. పొద్దున మొక్కలకు నీళ్లు పోయడం, పిట్టల కోసం పిట్టగోడ మీద మట్టి మూకుడులో నీళ్లు పెట్టడం, కరెంటు పోయిన రాత్రి మేడమీద చాప పరిచి చుక్కలు చూడటం... వీటికి టికెట్టు లేదు, వరుసలో నిలబడే పని లేదు.

ఏప్రిల్ చివర్లో మూతపడ్డ బడి జూన్ రెండోవారానికి తెరుచుకుంటుంది. అప్పటికి మృగశిర కార్తె వచ్చి గాలి చల్లబడుతుంది. 'సెలవుల్లో ఏం చేశావురా?' అని టీచరు అడిగితే ఆ బుడత ఎన్ని కిలోమీటర్లు తిరిగాడో చెప్పడు. 'గడియారంలో తాత గంట కొట్టాడు, పిట్ట మా మూకుడులో నీళ్లు తాగింది' అంటాడు. అంతే. వాడి వేసవి నిండుగా గడిచినట్లే!